‘లైను తెగింది’ అంటే ఏఐకి ఏం అర్థమవుతుంది? చోడవరం ఫిర్యాదు ఎటు పోవాలో తేల్చేది తెర వెనక ఉన్న ఆ నాలుగు వాక్యాలే!

రాత్రి గాలివాన. చోడవరం దగ్గర ఓ పల్లెలో కరెంటు తీగ తెగి రోడ్డు మీద పడింది. పక్కింటి పెద్దాయన ఫోన్ తీసి కరెంటు కంపెనీ వాట్సాప్ నంబరుకు వాయిస్ మెసేజ్ పెట్టాడు. ‘‘బాబూ, లైను తెగిపోనాది, బేగి చూడండి’’ అని. అవతల ఉన్నది మనిషి కాదు.. ఏఐ ఏజెంట్. లైను తెగిందంటే ఫోన్ కాల్ మధ్యలో కట్ అయిందనుకుంది. ‘‘అసౌకర్యానికి చింతిస్తున్నాం. రేపు ఉదయం 10 గంటలకు మా ప్రతినిధి మీకు తిరిగి కాల్ చేస్తారు’’ అని మర్యాదగా జవాబిచ్చింది. తీగ మాత్రం రోడ్డు మీదే ఉంది.

కంగారు పడకండి.. ఇది నిజంగా జరిగింది కాదు, ఊహించి చెప్పిన సన్నివేశమే. కానీ ఇలా జరగడానికి ఏఐకి తెలుగు రాకపోవడం కారణం కానక్కర్లేదు. తెలుగు బాగానే వచ్చిన ఏఐ కూడా ఇదే తప్పు చేయొచ్చు. లోపం వేరేచోట ఉంటుంది. ఆ ఏజెంట్‌కి పనిముట్లు అప్పగించినప్పుడు ఏది దేనికో చెబుతూ ఎవరో రాసిపెట్టిన నాలుగు ముక్కల్లో! సాఫ్ట్‌వేర్ భాషలో వాటిని ‘టూల్ డిస్క్రిప్షన్లు’ అంటారు. తెలుగులో చెప్పాలంటే పనిముట్టు వివరణలు.

కస్టమర్ కేర్ అంతా మెల్లగా ఏఐ చేతికి వెళ్తున్న ఈ రోజుల్లో కస్టమర్‌కి ఎప్పుడూ కనిపించని ఈ వివరణల గురించి తెలుసుకోవడం అవసరం. ఎందుకంటే అవి సరిగా లేకపోతే ఇబ్బంది పడేది రాసినవాళ్లు కాదు, ఫోన్ పట్టుకుని ఎదురుచూసేవాళ్లు.

అసలు ఏజెంట్ అంటే ఏంటి? టూల్ అంటే ఏంటి?

మామూలు చాట్‌బాట్ మాటలు చెబుతుంది. ఏజెంట్ పనులు చేస్తుంది. తేడా అంతే. ‘‘నా బిల్లు ఎంత?’’ అని అడిగితే బిల్లు ఎక్కడ చూసుకోవాలో చెప్పేది చాట్‌బాట్. కంపెనీ రికార్డుల్లోకి వెళ్లి, మీ బిల్లు తీసి, ‘‘ఇంత బాకీ ఉంది, కట్టేస్తారా?’’ అని అడిగేది ఏజెంట్. అయితే ఏఐ మోడల్ తనంతట తాను ఏ రికార్డులోకీ వెళ్లలేదు. అందుకే ఇంజినీర్లు దానికి కొన్ని పనిముట్లు ఇస్తారు. బిల్లు చూసేది ఒకటి, ఫిర్యాదు నమోదు చేసేది ఒకటి, తిరిగి కాల్ ఏర్పాటు చేసేది ఇంకొకటి. ఇవే టూల్స్.

ఓపెన్‌ఏఐ కంపెనీ 2023 జూన్‌లో ‘ఫంక్షన్ కాలింగ్’ పేరుతో ఈ సౌకర్యాన్ని డెవలపర్లకు ఇచ్చింది. 2024 నవంబర్‌లో ఆంత్రోపిక్ ‘మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్’ అనే ఉమ్మడి పద్ధతిని బయటపెట్టింది. ఒకసారి తయారు చేసిన టూల్‌ని ఏ ఏఐ అయినా వాడుకునేలా చేయడం దీని ఉద్దేశం. అక్కడి నుంచి టూల్స్ తయారీ బాగా పెరిగిపోయింది. టూల్ చేయడం సులువైంది. దాని గురించి నాలుగు వాక్యాలు సరిగా రాయడం మాత్రం సులువు కాలేదు.

ఏపీలో ఇదేమీ ఎక్కడో దూరాన ఉన్న సంగతి కాదు. రాష్ట్ర ప్రభుత్వం 2025 జనవరి 30న ‘మన మిత్ర’ పేరుతో వాట్సాప్ గవర్నెన్స్ మొదలుపెట్టింది. 161 సేవలతో ఆరంభమైంది. కరెంటు బిల్లుల నుంచి ఆర్టీసీ టికెట్ల దాకా, దేవాదాయ శాఖ సేవల నుంచి రెవెన్యూ సేవల దాకా 9552300009 నంబరుకు మెసేజ్ పెడితే చాలన్నారు. మొదట్లో మెనూలో నొక్కుకుంటూ వెళ్లే పద్ధతిలో వచ్చింది. మెనూలో ఓ సుఖం ఉంది. ఏ బటన్ నొక్కాలో మనిషే ఎంచుకుంటాడు. తప్పు నొక్కితే వెనక్కి వస్తాడు. మెనూ పోయి మామూలు మాటల్లో అడిగే రోజు వస్తే మాత్రం, ఆ బటన్ ఎంచుకునే పని ఏఐది అవుతుంది.

ఏఐ కోడ్ చూడదు.. వివరణే చూస్తుంది

చాలామందికి తెలియని విషయం ఇది. టూల్ లోపల ఇంజినీరు రాసిన ప్రోగ్రాం మోడల్‌కి కనిపించదు. దాని ముందుకు వచ్చేవి మూడే. టూల్ పేరు, అది ఏం చేస్తుందో చెప్పే వివరణ, దానికి ఇవ్వాల్సిన వివరాల పట్టిక. కస్టమర్ మాట ఒకవైపు, ఈ మూడూ ఒకవైపు పెట్టుకుని ఏది దేనికి సరిపోతుందో మోడల్ తేలుస్తుంది. డ్యూటీలో మొదటి రోజున్న కుర్రాడిని సీట్లో కూర్చోబెట్టి, పక్కన ఎవరూ లేకుండా ఒక కాగితం మాత్రం చేతిలో పెట్టినట్టు! ఆ కాగితంలో ఏముంటే అదే వాడికి ఆఫీసు.

ఇప్పుడు మన గాలివాన రాత్రికి వెళ్దాం. ఆ ఏజెంట్ దగ్గర రెండు టూల్స్ ఉన్నాయనుకోండి. మొదటిదాని పేరు ‘క్రియేట్ రిక్వెస్ట్’. వివరణ: ‘‘కస్టమర్ రిక్వెస్ట్ నమోదు చేస్తుంది.’’ రెండోదాని పేరు ‘షెడ్యూల్ కాల్‌బ్యాక్’. వివరణ: ‘‘లైన్ సమస్య వచ్చిన కస్టమర్‌కు తిరిగి కాల్ ఏర్పాటు చేస్తుంది.’’

పెద్దాయన అన్నది లైను గురించి. రెండో వివరణలో ఉన్నది లైను. మొదటిదాంట్లో ఆ మాటే లేదు. మోడల్ ఏం చేస్తుంది? దగ్గరగా ఉన్నది పట్టుకుంటుంది. నిజానికి ‘క్రియేట్ రిక్వెస్ట్’ లోపల తీగలు తెగిన ఫిర్యాదుల్ని సబ్‌స్టేషన్‌కి క్షణాల్లో పంపే ఏర్పాటు ఉండొచ్చు. రాసిన ఇంజినీరుకి ఆ సంగతి తెలుసు. పక్క టేబుల్ వాళ్లకి తెలుసు. కాగితం మీద లేదు కాబట్టి ఏఐకి తెలియదు.

అదే టూల్‌కి వివరణ ఇలా ఉండుంటే..

‘‘కరెంటు తీగ తెగడం, స్తంభం ఒరగడం, ట్రాన్స్‌ఫార్మర్ నుంచి పొగ లేదా నిప్పురవ్వలు రావడం, షాక్ కొట్టడం వంటి ప్రాణాపాయం ఉన్న ఫిర్యాదులను డ్యూటీలో ఉన్న సిబ్బందికి వెంటనే పంపుతుంది. కస్టమర్లు దీన్ని ‘లైను తెగింది’, ‘వైరు పడిపోయింది’, ‘స్తంభం దగ్గర మంట వస్తోంది’ అని చెబుతుంటారు. అనుమానంగా ఉన్నా ఇదే వాడాలి. సర్వీసు నంబరు అక్కర్లేదు, స్థలం తెలిస్తే చాలు. ఒక్క ఇంట్లోనే కరెంటు లేకపోతే ఇది వాడొద్దు, దానికి సప్లై కంప్లైంట్ టూల్ ఉంది. పని పూర్తయితే ఫిర్యాదు నంబరు ఇస్తుంది. ఆ నంబరు రాకముందు ‘ఫిర్యాదు నమోదైంది’ అని కస్టమర్‌కు చెప్పొద్దు.’’

పేరు కూడా ‘క్రియేట్ రిక్వెస్ట్’ కాదు, ‘రిపోర్ట్ డేంజరస్ లైన్’ అని పెడితే ఇంకా మంచిది. ఇందులో కవిత్వం ఏమీ లేదు. అనుభవం ఉన్న ఓ లైన్‌మన్ కొత్తగా వచ్చిన కుర్రాడికి చెప్పే మాటలే ఇవన్నీ.

సర్వీసు నంబరు లేకపోతే ఫిర్యాదు తీసుకోరా?

పై వివరణలో ‘‘సర్వీసు నంబరు అక్కర్లేదు’’ అన్న వాక్యం దగ్గర కాస్త ఆగాలి. చాలా సాఫ్ట్‌వేర్లలో అసలు గొడవ మొదలయ్యేది అక్కడే.

పాత ఫారాల్ని ఏఐకి అప్పగించేటప్పుడు అందులోని గడులన్నీ యథాతథంగా దింపేస్తారు. కరెంటు ఫిర్యాదు అనగానే సర్వీసు నంబరు తప్పనిసరి. ఇంట్లో కరెంటు పోతే అది సబబే. కానీ రోడ్డు మీద పడిన తీగకు సర్వీసు నంబరు ఎక్కడిది? అది ఎవరి ఇంటి మీటరుదీ కాదు. గడి తప్పనిసరి కాబట్టి ఏజెంట్ అడుగుతూనే ఉంటుంది. ‘‘దయచేసి మీ సర్వీసు నంబరు చెప్పండి.’’ దారిన పోయేవాడు ఏం చెబుతాడు? విసిగిపోయి ఫోన్ జేబులో పెట్టుకుంటాడు. అంతకన్నా చెడ్డ సంగతి ఇంకోటుంది. తప్పనిసరి గడి ఖాళీగా ఉంటే మోడల్ ఒక్కోసారి తోచిన నంబరుతో నింపేస్తుంది. ఫిర్యాదు నమోదవుతుంది, ఇంకెవరి పేరు మీదో, ఇంకో వీధిలో!

ఇంకో తికమక కూడా ఉంది. ‘‘నంబరు’’ అని మాత్రం రాస్తే ఏ నంబరు? సర్వీసు నంబరా, మీటరు నంబరా, ఫోన్ నంబరా? జనం మీటరు మీద ఉన్న అంకెల్ని చదివేస్తారు. మూడూ అంకెలే కాబట్టి మోడల్ మారు మాట్లాడకుండా తీసుకుంటుంది. ‘‘బిల్లు మీద ఉండే సర్వీసు నంబరు. మీటరు మీద చెక్కి ఉన్న నంబరు కాదు’’ అని ఒక్క వాక్యం రాస్తే సగం తప్పులు అక్కడే ఆగుతాయి.

ఇక ఊరి పేరు సంగతి. చోడవరం అంటే ఏ చోడవరం? చెరకు తోటలు, గోవాడ షుగర్ ఫ్యాక్టరీ ఉన్న మన చోడవరం ఒకటి. కృష్ణా జిల్లా పెనమలూరు మండలంలో మరో చోడవరం ఉంది. ఏజెన్సీలో రంపచోడవరం ఉంది, మాటల్లో దాన్ని కూడా కొందరు చోడవరం అనేస్తారు. సరే, జిల్లా పేరు అడిగితే పోతుంది కదా అనుకుంటే అక్కడా చిక్కే. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాక మన చోడవరం విశాఖపట్నం జిల్లా నుంచి అనకాపల్లి జిల్లాలోకి వెళ్లింది. పాత కాగితాల్లో విశాఖ అనే ఉంటుంది. ఆధార్‌లో ఒకటి, కొత్త బిల్లులో ఒకటి. ఊళ్లో పెద్దవాళ్లని అడిగితే ఇప్పటికీ ‘‘మాది విశాఖ జిల్లా’’ అనే అంటారు. టూల్ వివరణలో ‘‘జిల్లా పేరు’’ అని రెండు పదాలు పెట్టి వదిలేస్తే, విశాఖ జిల్లాలో చోడవరం లేదంటూ ఏజెంట్ తిప్పి పంపేయొచ్చు. ‘‘2022కి ముందున్న జిల్లా పేరు చెప్పినా తీసుకోవాలి. ఒకే పేరుతో రెండు ఊళ్లు ఉంటే మండలం అడగాలి, ఊహించొద్దు’’ అని రాయాల్సింది ఇలాంటి చోటే. ఈ ఊరి పేరు గొడవ అమెరికాలో కూర్చుని సాఫ్ట్‌వేర్ రాసేవాడికి చచ్చినా తట్టదు.

తేదీలూ అంతే. 04-05 అంటే మనకి మే 4. అమెరికా పద్ధతిలో ఏప్రిల్ 5. ‘‘నిన్న రాత్రి పోయింది’’ అని తెల్లవారుజామున 2 గంటలకు చెబితే అది ఏ తేదీ? చాలా సర్వర్లు మన టైమ్ కన్నా ఐదున్నర గంటలు వెనక ఉండే యూటీసీ లెక్కలో నడుస్తాయి. చోడవరంలో తేదీ మారిపోయినా సర్వర్‌లో ఇంకా పాత రోజే ఉంటుంది. తేదీ ఏ వరుసలో ఇవ్వాలి, ఏ దేశం టైమ్ లెక్కలో ఇవ్వాలి అన్నది వివరణలో రాయకపోతే కరెంటు పోయిన రోజు ఒకటి, ఫిర్యాదులో ఎక్కే రోజు ఇంకొకటి అవుతుంది.

‘ఆర్డర్ రాలేదండీ’

ఒక్కో మాటకి ఒక్కో చోట ఒక్కో అర్థం. ఆన్‌లైన్ షాపింగ్ వాళ్లకి ఆర్డర్ అంటే కొన్న వస్తువు. చెరకు పండించే ప్రాంతంలో రైతుకి ఆర్డర్ అంటే కటింగ్ ఆర్డర్. ఫలానా తేదీకి చెరకు కొట్టి ఫ్యాక్టరీకి తోలమని ఇచ్చే చీటీ. అది రాకపోతే తోటలో చెరకు ఎండిపోతుంది, బరువు తగ్గుతుంది. ‘‘ఆర్డర్ రాలేదండీ, ఇరవై రోజులైంది’’ అని రైతు మొత్తుకుంటుంటే ‘‘మీ పార్శిల్ దారిలో ఉంది’’ తరహా జవాబు వచ్చిందనుకోండి, ఏమనాలి? ఎక్కడో దుకాణాల కోసం తయారైన రెడీమేడ్ సపోర్ట్ సాఫ్ట్‌వేర్‌ని తెచ్చి, ‘ఆర్డర్ స్టేటస్’ అనే టూల్ వివరణని మార్చకుండా తగిలిస్తే వచ్చే తంటా ఇది.

కరెంటు దగ్గరా ఇలాంటివి బోలెడు. ‘‘కరెంటు తీసేశారు’’ అనే మాటే తీసుకోండి. ఊరంతటికీ సరఫరా ఆపారనీ కావచ్చు, బిల్లు కట్టలేదని ఒక్క ఇంటికే కనెక్షన్ కోశారనీ కావచ్చు. మొదటిదానికి ‘‘ఎప్పుడొస్తుంది’’ అన్నది జవాబు. రెండోదానికి ‘‘ఎంత కట్టాలి’’ అన్నది జవాబు. బిల్లు సక్రమంగా కట్టినవాడికి బకాయి గురించి చెబితే కోపం రాదా మరి? అందుకే ‘‘కరెంటు తీసేశారు అంటే ముందు ఆ ఫీడర్‌లో సరఫరా ఉందో లేదో చూడు, ఆ తర్వాతే బిల్లు సంగతి చూడు’’ అని వరుస కూడా చెప్పాలి.

ఆ వరుస ఎంత ముఖ్యమో ఉత్తరాంధ్ర వాళ్లకి చెప్పక్కర్లేదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటినప్పుడు స్తంభాలు నేలకూలి, రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటి రోజున వేలమంది ఒకే మాట చెబుతారు. ప్రతి మెసేజ్‌కీ ఏజెంట్ ఒక కొత్త ఫిర్యాదు సృష్టిస్తూ పోతే లైన్‌మన్ ఫోన్‌లో ఒకే ట్రాన్స్‌ఫార్మర్ మీద మూడు వందల ఫిర్యాదులు కనిపిస్తాయి. అందులో ‘తీగ మీద మనిషి పడ్డాడు’ అన్నది ఎక్కడ వెతుక్కోవాలి? ‘‘ఈ ఫీడర్ మీద ఇప్పటికే ఫిర్యాదు ఉంటే కొత్తది పెట్టొద్దు, పాతదానికి కలుపు. ప్రాణాపాయం అయితే మాత్రం ఎప్పుడూ విడిగా పెట్టు’’.. ఇలాంటి వాక్యం తీరిక సమయంలో రాసుకోవాలి. తుపాను రోజు రాసే టైమ్ ఉండదు.

పెద్ద కంపెనీలకూ తప్పని తిప్పలు

ఇదంతా చిన్న ఊళ్ల సమస్య అనుకుంటే పొరపాటే. కస్టమర్ సర్వీస్ ఏజెంట్లు ఎంత నమ్మకంగా పనిచేస్తాయో తేల్చడానికి సియెర్రా అనే అమెరికా కంపెనీ పరిశోధకులు 2024 జూన్‌లో ‘టౌ బెంచ్’ అనే పరీక్ష పెట్టారు. దుకాణం, విమానయానం.. ఈ రెండు రంగాల్లో కస్టమర్ అడిగే పనులు, అందుకు కావలసిన టూల్స్, పాటించాల్సిన నిబంధనలు అన్నీ ఇచ్చారు. అప్పటికి పేరున్న మోడళ్లు కూడా సగం పనులు సరిగా చేయలేకపోయాయి. దుకాణం పనుల్లో ఒకే పనిని ఎనిమిదిసార్లు ఇస్తే ఎనిమిదిసార్లూ సరిగా చేసింది 25 శాతం కన్నా తక్కువ. అంటే ఇవాళ మీకు సరిగా జవాబిచ్చిన ఏజెంట్ రేపు మీ పక్కింటివాళ్లకి తప్పు చెప్పొచ్చు. ఆ తర్వాత మోడళ్లు చాలా మెరుగయ్యాయి. తప్పులన్నీ వివరణల వల్లే అని కూడా అనలేం. కానీ మోడల్‌ని బాగుచేయడం చోడవరంలో ఎవరి చేతిలోనూ లేదు. వివరణ రాసుకోవడం చేతిలో ఉంది.

దీనికి ఓ ముచ్చటైన ఉదాహరణ ఉంది. క్లాడ్ అనే ఏఐకి వెబ్ సెర్చ్ టూల్ ఇచ్చినప్పుడు, అది అవసరం లేకపోయినా వెతికే ప్రతిదానికీ చివర ‘2025’ అని తగిలిస్తోందని దాన్ని తయారు చేసిన ఆంత్రోపిక్ గమనించింది. దాంతో ఫలితాలు పక్కదారి పట్టాయి. మోడల్‌ని మళ్లీ మొదటి నుంచి తయారు చేయలేదు, టూల్ వివరణ మార్చి దారికి తెచ్చారు. అదే కంపెనీ ఇంజినీర్లు 2024 డిసెంబర్‌లో చెప్పిన మరో సంగతి.. సాఫ్ట్‌వేర్ లోపాలు సరిచేసే ఏజెంట్ ఒకటి తయారు చేసేటప్పుడు, మొత్తం ఆదేశాల మీద కన్నా టూల్స్ సరిచేయడం మీదే ఎక్కువ సమయం పెట్టామని. ఫైల్ ఎక్కడుందో సగం అడ్రస్ ఇస్తే ఆ ఏజెంట్ తప్పిపోయేది. పూర్తి అడ్రస్ ఇచ్చి తీరాలని టూల్‌లో మార్చాక ఆ తప్పు ఆగింది. ‘‘చోడవరం’’ అని చెప్పడానికీ, ‘‘చోడవరం మండలం, అనకాపల్లి జిల్లా’’ అని చెప్పడానికీ ఉన్న తేడానే ఇది.

టూల్స్ ఎక్కువైతే?

మంచిదేగా అనిపిస్తుంది. కాదు. ఒకేలాంటి పని చేసే టూల్స్ ఐదు ఉంటే మోడల్ తికమకపడుతుంది. బిల్లు చూసేది, పాత బిల్లు చూసేది, బకాయి చూసేది, చెల్లింపు చూసేది.. విడివిడిగా పెట్టడం కన్నా ‘సర్వీసు ఖాతా వివరాలు’ అని ఒకటి పెట్టి అన్నీ అందులోనే ఇస్తే మేలు. మనిషికే రెండు టూల్స్ మధ్య తేడా వెంటనే చెప్పడం రాకపోతే, ఏఐ చెప్పగలదని ఆశించడం అత్యాశ.

పైగా ప్రతి సంభాషణలోనూ ఆ వివరణలన్నింటినీ మోడల్ చదవాలి. దానికి డబ్బు ఖర్చవుతుంది. తెలుగు లిపిలో రాస్తే చాలా మోడళ్లలో ఇంగ్లిష్ కన్నా ఖర్చు ఎక్కువ. అందుకే వివరణని ఇంగ్లిష్‌లోనే ఉంచి, కస్టమర్లు వాడే తెలుగు మాటల్ని మాత్రం అందులో ఉదాహరణలుగా ఇచ్చుకోవచ్చు. ఆ ఉదాహరణల్లో పుస్తకాల తెలుగు పెడితే ఉపయోగం లేదు. ‘‘విద్యుత్ సరఫరాలో అంతరాయం ఏర్పడినది’’ అని చోడవరంలో ఎవరు చెబుతారు? ‘‘కరెంటు పోయింది’’, ‘‘కరెంటు ఎలిపోనాది’’, లేకపోతే ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేసిన తెలుగు. అవి పెట్టాలి.

తప్పు జరిగినప్పుడు టూల్ ఏం చెబుతుంది?

ఇదీ వివరణలో భాగమే, కానీ దాదాపు అందరూ మర్చిపోతారు. సర్వీసు నంబరు తప్పుగా వెళ్తే టూల్ నుంచి ‘‘ఎర్రర్ 404’’ అని మాత్రం తిరిగొస్తే ఏజెంట్‌కి ఏమీ అర్థం కాదు. అదే నంబరుతో మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది, లేదంటే ‘‘సర్వర్ పనిచేయడం లేదు’’ అని కస్టమర్‌కి కథ చెబుతుంది. ‘‘ఈ సర్వీసు నంబరు రికార్డుల్లో లేదు. కస్టమర్ మీటరు నంబరు చెప్పి ఉండొచ్చు. బిల్లు మీద ఉన్న నంబరు అడుగు’’ అని తిరిగొస్తే, తర్వాత ఏం చేయాలో దానికి తెలుస్తుంది.

వివరణ తాళం కాదు

ఎంత చక్కగా రాసినా వివరణని నమ్ముకుని తలుపులు తెరిచి పెట్టకూడదు. ‘‘కనెక్షన్ రద్దు చేసే ముందు కస్టమర్‌ని అడగాలి’’ అని రాసినంత మాత్రాన ప్రతిసారీ అడుగుతుందన్న గ్యారంటీ లేదు. కనెక్షన్ కోయడం, డబ్బు వెనక్కి ఇవ్వడం, పేరు మార్చడం.. ఇలాంటి పనులకి ఓటీపీ, మనిషి ఆమోదం, పరిమితి వంటివి ప్రోగ్రాంలోనే ఉండాలి. ఏఐ పొరపాటు పడినా ప్రోగ్రాం ఒప్పుకోకూడదు. పని తేలిక చేయడానికి వివరణ, ప్రమాదం ఆపడానికి తాళం. రెండూ వేర్వేరు.

పొరపాటు జరిగితే ఎవరిది బాధ్యత? ఈ ప్రశ్నకి కెనడాలో ఓ జవాబు వచ్చింది. కుటుంబంలో ఒకరు చనిపోయి అత్యవసరంగా ప్రయాణం చేసిన ఓ వ్యక్తికి ఎయిర్ కెనడా చాట్‌బాట్ టికెట్ రాయితీ గురించి తప్పు సమాచారం ఇచ్చింది. ప్రయాణం అయ్యాక కూడా దరఖాస్తు చేసుకోవచ్చని చెప్పింది. కంపెనీ నిబంధనల్లో అలా లేదు. చాట్‌బాట్ చెప్పినదానికి తమది బాధ్యత కాదన్నట్టు కంపెనీ వాదించింది. బ్రిటిష్ కొలంబియా సివిల్ రిజల్యూషన్ ట్రైబ్యునల్ ఆ వాదన ఒప్పుకోలేదు. 2024 ఫిబ్రవరిలో తీర్పిస్తూ వడ్డీ, ఫీజులతో కలిపి సుమారు 812 కెనడా డాలర్లు చెల్లించమంది. వెబ్‌సైట్‌లో పేజీ చెప్పినా, చాట్‌బాట్ చెప్పినా కంపెనీ చెప్పినట్టే అని తేల్చింది. అది ఉత్త మాటలు చెప్పే బాట్ కేసు. పనులు చేసే ఏజెంట్ విషయంలో లెక్క ఇంకా పెద్దదవుతుంది.

మరి ఈ వివరణలు ఎవరు రాయాలి?

ఇప్పుడు రాస్తున్నది ఇంజినీర్లు. కోడ్ వాళ్లకి తెలుసు కాబట్టి. కానీ కస్టమర్ ఎలా మాట్లాడతాడో తెలిసినవాళ్లు వేరే ఉన్నారు. సబ్‌స్టేషన్‌లో ఫోన్ ఎత్తే ఆపరేటర్, ఊళ్లో తిరిగే లైన్‌మన్, బిల్లు కౌంటర్లో కూర్చునే మనిషి, కాల్ సెంటర్లో పదేళ్లుగా చేస్తున్న అమ్మాయి. ‘‘లైను తెగింది అంటే వెంటనే ఎక్కడని అడగాలి, పేరు తర్వాత’’ అని వాళ్లకి ఎవరూ నేర్పక్కర్లేదు. అందుకే మొదటి ముసాయిదా వాళ్ల చేత చెప్పించి, దాన్ని ఇంజినీరు టూల్‌లోకి ఎక్కిస్తే బాగుంటుంది. ఇందుకు ఏఐ చదువు అక్కర్లేదు.

రాశాక పరీక్షించడం కూడా ఉంది. పాత ఫిర్యాదుల్లోంచి ఓ యాభై మాటలు తీసుకోవాలి. పేర్లు, ఫోన్ నంబర్లు తీసేసి, జనం అన్న మాటలు ఉన్నవున్నట్టు. ఒక్కోదానికి ఏ టూల్ వాడాలో అనుభవం ఉన్న మనిషి చేత ముందే రాయించాలి. ఆ తర్వాత ఏజెంట్‌కి ఇచ్చి అది ఏది పట్టుకుంటుందో చూడాలి. తప్పినచోట మోడల్‌ని తిట్టుకోకుండా ముందు వివరణ చదవాలి. మార్చాక యాభైనీ మళ్లీ పరీక్షించాలి. ఎందుకంటే ఒక టూల్ వివరణలో ‘లైను’ అన్న మాట చేర్చితే ఇంకో టూల్‌కి వెళ్లాల్సినవి కూడా ఇటు వచ్చేయొచ్చు. ఒకటి సరిచేస్తే ఇంకోటి చెడటం ఇక్కడ మామూలే.

2025 అక్టోబర్ 14న విశాఖ కేంద్రంగా 15 బిలియన్ డాలర్లతో ఏఐ హబ్ పెడతామని గూగుల్ ప్రకటించింది. దాని కోసం అనుకున్న స్థలాల్లో ఒకటి రాంబిల్లి, అది అనకాపల్లి జిల్లాలోనే ఉంది. అంత పెద్ద యంత్రాలు పక్కనే వచ్చినా, చోడవరం పెద్దాయన చెప్పిన ‘లైను’ ఏ లైనో వాటంతట వాటికి తెలియదు. ఎవరో ఒకరు కూర్చుని రాయాలి.

అప్పటిదాకా మనం ఏం చేయాలి?

తీగ తెగి పడినా, స్తంభం ఒరిగినా చాట్‌లో టైప్ చేస్తూ కూర్చోవద్దు. దూరంగా ఉండి, ఇతరుల్నీ పశువుల్నీ అటు వెళ్లనీయకుండా చూస్తూ 1912కి కాల్ చేయండి. ఇక మామూలు పనులకి ఏఐ ఏజెంట్‌తో మాట్లాడాల్సి వస్తే విడమరిచి చెప్పండి. ‘‘లైను తెగింది’’ అనే బదులు ‘‘కరెంటు తీగ తెగి రోడ్డు మీద పడింది’’ అనండి. ఊరితో పాటు మండలం, జిల్లా చెప్పండి. బిల్లు మీద సర్వీసు నంబరు ఫొటో తీసి ఫోన్లో ఉంచుకోండి. ‘నమోదు చేశాం’ అని జవాబొస్తే ఫిర్యాదు నంబరు అడగండి. నంబరు ఇవ్వకపోతే నమోదు కాలేదనే అనుకుని మనిషికి కాల్ చేయండి.